ఉచిత బ్రౌజర్ గేమ్‌కు తాళం ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్రౌజర్‌లో ఆడుకునే చిన్న ఆటలు తయారు చేయడం నా వృత్తి. "ఆట ఉచితమే కదా, డౌన్‌లోడ్ చేసుకోనిస్తే మీ సొమ్మేం పోయింది?" అని తరచూ అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. కానీ దానికి చలామణీలో ఉన్న జవాబుల్లో చాలావరకు తప్పులే.

అపోహ: ఆట మన కంప్యూటర్‌లోకి రాకుండా అడ్డుకుంటారు.

వాస్తవం: ఆట తెరమీద కదులుతోందంటే అప్పటికే మీ దగ్గరికి వచ్చేసిందన్నమాట. బొమ్మలు, శబ్దాలు, జావాస్క్రిప్ట్ కోడ్ దిగితేనే ఆట మొదలవుతుంది. లోడింగ్ అంటూ నిండుతూ కనిపించే గీత చూపేది ఆ దిగుమతినే. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ విభాగం చూస్తే ఒక్కో ఫైలు పేరు, పరిమాణం వరుసగా కనిపిస్తాయి. చేతికిచ్చిన వస్తువును దాచడం ఎవరి తరం? కుడి క్లిక్ పనిచేయకుండా చేసే సైట్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

2022 జనవరి చివర్లో, రోజుకో మాటను ఊహించి పట్టుకునే వర్డిల్ ఆటను న్యూయార్క్ టైమ్స్ కొన్నప్పుడు, ఇక డబ్బు కట్టాలేమోనన్న భయంతో చాలామంది ఆ పేజీని సేవ్ చేసి పెట్టుకున్నారు. రాబోయే కొన్నేళ్ల జవాబులన్నీ అప్పట్లో పేజీతో పాటు వచ్చే కోడ్‌లోనే ఉండేవి. తేదీని బట్టి ఆ రోజు మాటను అదే ఎంచుకునేది కనుక నెట్ లేకున్నా ఆట నడిచేది.

అపోహ: కాపలా అంతా ఆడేవారి మీద అనుమానంతోనే.

వాస్తవం: ఆడేవారితో మాకు పేచీ లేదు. ఆటను ఎత్తుకెళ్లి తన సైటులో పెట్టుకుని, చుట్టూ తన ప్రకటనలు అంటించుకునేవారితోనే తంటా. ఉచిత ఆటకు డబ్బు వచ్చే దారులు కొన్నే: స్థాయికీ స్థాయికీ మధ్య వచ్చే ప్రకటన, చాలా ఆటలను ఒకేచోట అందించే గేమ్ పోర్టల్ ఇచ్చే వాటా, లేదా పోర్టల్ కొనుక్కునే లైసెన్సు. ప్రత్యేక హక్కులు కొన్న పోర్టల్ అయితే ఆట మరెక్కడా కనిపించకూడదని ఒప్పందంలో రాయించుకుంటుంది. అప్పుడు కాపలా పెట్టడం మా ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు.

నా ఆట ఒకటి ఇలాగే ఊరూపేరూ లేని సైటులో తేలింది. ఆట పేరు మార్చారు, మొదటి తెరలో నా పేరున్న చోట నల్ల పట్టీ వేశారు. బొమ్మలు, శబ్దాలు మాత్రం నా సర్వర్ నుంచే లాగుతున్నారు. ప్రకటనల రాబడి వారికి, బ్యాండ్‌విడ్త్ బిల్లు నాకు! దీనికి విరుగుడు తేలికే. ఫైలు కోసం వచ్చే ప్రతి అభ్యర్థన వెంట, ఏ సైటు నుంచి అడిగారో చెప్పే రెఫరర్ అనే సమాచారం సాధారణంగా వస్తుంది. అందులో పరాయి సైటు పేరుంటే సర్వర్ ఫైలు ఇవ్వదు.

ఫైళ్లన్నీ తన సర్వర్‌కే మార్చుకున్నవారికి ఇది చాలదు. వారి కోసం సైట్ లాక్ ఉంది. ఆట మొదలవుతూనే తాను ఏ డొమైన్‌లో, అంటే ఏ సైటు చిరునామాలో ఉన్నానని బ్రౌజర్‌ను అడుగుతుంది, అనుమతి ఉన్న పేర్ల జాబితాతో పోల్చుకుంటుంది, పొసగకపోతే ఆగిపోతుంది. నా తొలి సైట్ లాక్ పట్టుకున్నది ఎవరినో తెలుసా? నా ఆటగాళ్లనే. జాబితాలో డొమైన్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా రాశాను. సర్వర్ మార్చిన రోజు చిరునామా ముందు ఆ మూడు అక్షరాలు వచ్చి చేరాయి. ఇంకేముంది, "ఇది దొంగిలించిన ఆట" అనే ఎర్రటి హెచ్చరిక రాత్రంతా నా సైటులోనే వెలిగింది. ఆ హెచ్చరిక ఇప్పుడు తీసేశాను. దాని స్థానంలో "అసలు ఆట ఇక్కడ ఆడండి" అనే లింకు పెట్టాను. కాపీ సైట్ల నుంచి కూడా ఆడేవారు వస్తున్నారు.

అపోహ: సేవ్ చేసిన ఆట తెరిస్తే ఖాళీ పేజీ వచ్చిందంటే తయారీదారు అడ్డు పెట్టినట్లే.

వాస్తవం: చాలాసార్లు ఆ పని బ్రౌజర్‌ది. సేవ్ చేసిన పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, అందులోని స్క్రిప్టు పక్కనున్న ఫైళ్లను చదవకుండా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఆపుతాయి. ఆపకపోతే ఎవరో పంపిన పేజీ మీ ఫోల్డర్‌లోని పత్రాలను చదివి బయటికి చేరవేయగలదు. విడి ఫైళ్లుగా ఉండే కోడ్ ముక్కలు, అంటే జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు, వెబ్‌అసెంబ్లీ ఫైళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి. సొంత కంప్యూటర్‌లోనే నడిచే చిన్న సర్వర్, అంటే లోకల్ సర్వర్ నడపకపోతే నా ఆట నా కంప్యూటర్‌లోనే తెరుచుకోదు. పాత స్కోర్లు కనిపించకపోవడం కూడా ఇలాంటిదే: బ్రౌజర్ లోపలి లోకల్ స్టోరేజ్ అనే అరలో దాచినవి సైటు చిరునామాకు కట్టుబడి ఉంటాయి, కాపీ వెంట రావు. పలువురు కలిసి ఆడే ఆటలైతే సేవ్ చేసినా ఫలితం లేదు, అసలు ఆట సర్వర్‌లో నడుస్తుంది.

కోడ్ అంతా ఒకే వరుసలో, ఒక్కక్షరం పేర్లతో కనిపిస్తే దాచిపెట్టారని అనుకుంటారు. త్వరగా లోడ్ కావాలని కుదిస్తాం, అంతే. కావాలని చిక్కుముడి వేసేవారూ ఉన్నారు కానీ ఓపికున్నవారు దాన్ని విప్పేస్తారు.

అపోహ: ఉచితం కాబట్టి హక్కులు ఉండవు.

వాస్తవం: ధరకూ హక్కుకూ సంబంధం లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని పాటించే దేశాల్లో రచన పుట్టగానే కాపీరైట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాగని అందరూ హక్కులు బిగించి కూర్చోరు. 2014 మార్చిలో వచ్చిన 2048 ఆట కోడ్‌ను దాని కర్త గాబ్రియేలె చిరుల్లి ఎంఐటీ లైసెన్సు కింద విడుదల చేశారు. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాబట్టి ముందు లైసెన్సు చూడండి.

ఈ కాపలాలో మా తప్పు కూడా ఒకటుంది. ఒకప్పుడు బ్రౌజర్‌లో ఆటలను నడిపించిన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. దాంతో లెక్కలేనన్ని ఆటలు అనాథలయ్యాయి. వాటిని భద్రపరుస్తున్న ఫ్లాష్‌పాయింట్ బృందం, సైట్ లాక్ ఉన్న ఆట తన పాత చిరునామాలోనే ఉన్నానని నమ్మేలా లోకల్ సర్వర్‌తో ఏమార్చాల్సి వస్తోంది. అది చూశాక నేను పద్ధతి మార్చాను. ఏ పోర్టల్‌తోనూ ఒప్పందం లేని ఆటలకు ఫైళ్లను బ్రౌజర్‌లోనే దాచి ఉంచే సర్వీస్ వర్కర్ అనే స్క్రిప్టు జోడిస్తున్నాను. ఒకసారి తెరిస్తే ఆ తర్వాత నెట్ లేకున్నా ఆడుకోవచ్చు. అడిగినవారికి తాళం తీసిన ఫైలు పంపుతున్నాను. అలా అడిగినవారిలో సరుకు రవాణా ఓడలో పనిచేసే వ్యక్తి ఒకరు. రెండు నెలల తర్వాత రేవు చేరాక ఆయన రాసిన ఉత్తరంలో ఒకటే వాక్యం ఉంది: "పన్నెండో స్థాయిలో తలుపు తెరుచుకోవడం లేదండీ."