కాగితం లీకైందా, మాట లీకైందా? డీ అండ్ డీ పుకార్ల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను శనివారం రాత్రుళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడిస్తాను, తలా ఒక పాత్ర తీసుకుని కథలా ఆడే ఆట ఇది, కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేను. హైదరాబాద్‌లో ముగ్గురు, డాలస్‌లో ఇద్దరు, అందరి క్యారెక్టర్ షీట్లూ (పాత్రల వివరాలు) ఆ ఆట సొంత సైట్ డీ అండ్ డీ బియాండ్‌లోనే ఉంటాయి. అందుకే ఈ ఆట తయారుచేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆన్‌లైన్‌లో ఏదో చేయబోతోందని పుకారు పుడితే చాలు, మా గ్రూపులో "అన్నా, ఇది చూశావా" అని స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి.

అపోహ: లీకులన్నీ వ్యూస్ కోసం అల్లినవే.

కాదు. 2023 జనవరి 5న టెక్ వార్తల సైట్ గిజ్‌మోడో బయటపెట్టిన విజార్డ్స్ లైసెన్స్ ముసాయిదా నిజమైనదే. 2000 నుంచి ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఎవరైనా ఆ నియమాలు వాడుకుని సొంత పుస్తకాలు రాసి, రాయల్టీ కట్టకుండా అమ్ముకునేవాళ్లు. కొత్త ముసాయిదాలో ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం కట్టాలని, జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్ కిక్‌స్టార్టర్ ద్వారా డబ్బు సేకరిస్తే 20 శాతమని, పాత లైసెన్స్ ఇక చెల్లదని ఉంది. నేను మొదట నమ్మలేదు. నన్ను నమ్మించింది ఆ వార్త కూడా కాదు, ఆ వెంటనే కిక్‌స్టార్టర్‌లో గేమ్స్ విభాగం చూసే డైరెక్టర్ బయటికొచ్చి, క్రియేటర్ల తరఫున మాట్లాడి శాతం తగ్గించగలిగామని చెప్పడం. బేరం జరిగిందంటే సరుకు ఉన్నట్టే కదా!

అపోహ: ఒకటి నిజమైంది కాబట్టి రెండోదీ నిజమే.

నేను బోర్లా పడింది ఇక్కడే. రెండు వారాలు తిరక్కుండానే నెలకు 30 డాలర్ల సబ్‌స్క్రిప్షన్ వస్తోందని, డంజన్ మాస్టర్ స్థానంలో ఏఐని కూర్చోబెడతారని ఇంకో పుకారు వచ్చింది. ఈసారి ఎవరి చేతిలోనూ కాగితం లేదు, అంతా "లోపలి మనిషి చెప్పాడు" బాపతే. అయినా అప్పటికే మండిపోయి ఉన్నానేమో, నెలకు 5.99 డాలర్ల నా మాస్టర్ టియర్ సబ్‌స్క్రిప్షన్‌ని కోపంగా క్యాన్సిల్ చేసేశాను. నేను కొన్న పుస్తకాలను మిగతావాళ్లు వాడుకోగలిగేది ఆ టియర్ వల్లే అన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు. తర్వాతి నెలలో ఓ శనివారం, ఆట మధ్యలో డాలస్ తమ్ముడు తన మాంత్రికుడి పాత్రని లెవెల్ పెంచుకుంటూ "అన్నా, సిల్వరీ బార్బ్స్ మంత్రం లిస్టులో కనిపించట్లేదేంటి" అన్నాడు. ఏం చెప్తాను? మ్యూట్‌లో పెట్టుకుని మళ్లీ డబ్బు కట్టాను.

కంపెనీ అప్పటికే ఆ 30 డాలర్ల మాట అబద్ధమని, ఏఐ డంజన్ మాస్టర్ల మీద ఎవరూ పనిచేయట్లేదని చెప్పేసింది. ఆ రోజుల్లోనే తిరిగిన ఇంకో కబురు, కంపెనీ సర్వేల్లో మనం రాసేది అక్కడ ఎవరూ చదవరని. దాన్ని ప్రచారం చేసిన యూట్యూబరే తర్వాత వెనక్కి తీసుకున్నాడు. గోల తర్వాత సవరించి పెట్టిన ముసాయిదా మీద జరిపిన సర్వేకి 15,000 మందికి పైగా జవాబిచ్చారు, పాత లైసెన్స్ రద్దు నచ్చలేదన్నవాళ్లు 89 శాతం. జనవరి 27న పాత లైసెన్స్‌ని అలాగే ఉంచేసి, మూల నియమాలను ఎవరైనా వాడుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో పెట్టేశారు.

అపోహ: కంపెనీ ఖండిస్తే పుకారు చచ్చినట్టే.

ఖండనలో క్రియాపదం చూడండి. "పనిచేయట్లేదు" అంటే ఇవాళ్టి మాట, "ఎప్పటికీ చేయం" అని కాదు. జనవరి 13న ఆ లీకైన కాగితాన్ని వట్టి డ్రాఫ్ట్ అన్నారు, మరి డ్రాఫ్ట్ మీద బయటివాళ్లతో శాతాలు ఎందుకు మాట్లాడారో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. 2024లో చైనా కంపెనీ టెన్సెంట్‌కి డీ అండ్ డీని అమ్మేస్తున్నారన్న వార్తకు మాత్రం, మాతృసంస్థ హాస్‌బ్రో అమ్మే ఆలోచన లేదని సూటిగానే చెప్పింది. అలాంటి ఖండనని నేను నమ్ముతాను.

అపోహ: పెద్ద దెబ్బలన్నీ లీకుల్లో ముందే తెలిసిపోతాయి.

2024లో డీ అండ్ డీ బియాండ్‌లో పుస్తకం మొత్తం కాకుండా ఒక్క సబ్‌క్లాసో (పాత్రల ఉపవర్గం), ఒక్క వస్తువో విడిగా కొనుక్కునే వీలు తీసేశారు. చిన్న మొత్తాల్లో కొనుక్కునే మనలాంటివాళ్లకు 30 డాలర్ల పుకారు కంటే నిజంగా తగిలింది ఇదే. ఆగస్టులో మన షీట్లలోని పాత మంత్రాల స్థానంలో 2024 నియమాల వెర్షన్లు వచ్చేస్తాయని ప్రకటించి, గోల లేచాక కొన్ని రోజులకే మానుకున్నారు. ఈ రెండోది సైట్ వాళ్ల సొంత ఛేంజ్‌లాగ్‌లోనే (మార్పుల చిట్టా) ఉంది, ఎవరైనా చదవొచ్చు. చదివేంత ఓపిక ఎవరికుంది లెండి.

ఇక అందరినీ భయపెట్టిన ఆ త్రీడీ టేబుల్, అంటే ఆటను కంప్యూటర్ మీద బొమ్మలతో ఆడే విజార్డ్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్ సంగతి. 2022లో చూపించారు, మనందరినీ అందులోకి తోసి నెలనెలా పిండుతారని బోలెడు జోస్యాలు నడిచాయి. సిజిల్ పేరుతో 2025 ఫిబ్రవరిలో చడీచప్పుడు లేకుండా వదిలారు, మార్చిలో ఆ టీంలో చాలామందిని ఇంటికి పంపేశారు. అంటే లోపలివాళ్ల ప్లానే లోపలివాళ్ల దగ్గర నిలవలేదు, దాన్ని అక్షరం పొల్లుపోకుండా లీక్ చేసినవాడు మాత్రం మనకేం చెప్పగలడు?

ఇప్పుడు గ్రూపులో స్క్రీన్‌షాట్ పడితే నేను అడిగేది ఒక్కటే, "కాగితం ఉందా, ఎవరో అన్నారా?" నెలలో మొదటి శనివారం ఆట మొదలయ్యే ముందు అందరం షీట్లు పీడీఎఫ్‌లుగా దించుకుంటాం. డాలస్ తమ్ముడు ఇప్పటికీ మర్చిపోతూనే ఉంటాడు.