అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్: ఆ రెండు మాటల వెనుక 40 ఏళ్ల కథ

గుంటూరు అరండల్‌పేటలో మా స్నేహితుడికి కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. పోయిన నెల ఒక సాయంత్రం నేనక్కడ ఉండగా బీటెక్ మూడో ఏడాది కుర్రాడొకడు ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే ఫైళ్ల కాపీ అంతా సవ్యంగా సాగిందట. చివర్లో గ్రబ్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్, వేసే దగ్గర మాత్రం 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అని ఆగిపోయింది. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అక్కడే.

"అన్నా, డిస్క్ పోయినట్టేనా? ప్రాజెక్ట్ మొత్తం డీ డ్రైవ్‌లో ఉంది. మా రూమ్మేట్ మొత్తం ఎరేజ్ కొట్టి మళ్లీ మొదటినుంచి వేసెయ్యమంటున్నాడు."

ఆ రూమ్మేట్ ఇచ్చిన సలహా మన ఊళ్లలో రోజూ వినిపించేదే. అది ఎంత నష్టం చేస్తుందో చూసినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పాత కరణాల దస్త్రాల్లో గొలుసుకట్టు రాత ఉంటుంది. తెలుగు బాగా చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి అది కొరుకుడు పడదు. అంతమాత్రాన ఆ కాగితం మీద ఏమీ లేదని ఎవరూ చించెయ్యరు. డిస్క్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చించేస్తున్నాం. ఫైల్‌సిస్టమ్ అంటే డిస్క్ మీద ఫైళ్లను రాసి పెట్టే పద్ధతి. 'అన్‌నోన్' అంటే చదువుతున్న ప్రోగ్రామ్‌కి ఆ రాత రాదని అర్థం. అక్కడ రాత లేదని కాదు.

ఈ చిక్కు 1983లోనే మొదలైంది. ఆ ఏడాది ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చింది. దానికోసం అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 2.0, డిస్క్‌లోని మొదటి సెక్టారులో, అంటే 512 బైట్లలో, 64 బైట్లు తీసి నాలుగు పార్టిషన్ల, అంటే డిస్క్‌ని విడగొట్టిన భాగాల, పట్టిక పెట్టింది. ఒక్కో పార్టిషన్‌కి 16 బైట్లు. అది ఏ రకం పార్టిషనో చెప్పేది అందులో ఒకే ఒక్క బైటు. హెక్సా లెక్కలో 00 నుంచి ఎఫ్ఎఫ్ వరకు మొత్తం 256 అంకెలు. ఎవరికి ఏ అంకె చెందుతుందో తేల్చే పెద్దమనిషి ఎవరూ లేకపోవడంతో ఎవరికి తోచింది వాళ్లు తీసుకున్నారు. 82ని సోలారిస్ అనే సిస్టమ్ తన పార్టిషన్‌కి వాడింది, లినక్స్ స్వాప్‌కి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటుకి, వాడింది. 07 మొదట ఓఎస్/2 అనే సిస్టమ్ వాడిన హెచ్‌పీఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌ది, ఆ తర్వాత విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌ది కూడా అయింది, చివరికి ఎక్స్‌ఫ్యాట్ కూడా దాన్నే పంచుకుంది. అంటే తలుపు మీది నేమ్‌ప్లేట్ చూసి లోపల ఎవరున్నారో చెప్పలేని పరిస్థితి.

అందుకే ప్రతి సిస్టమూ లోపలికి వెళ్లి గుర్తు వెతుక్కుంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పార్టిషన్ మొదట్లో మూడు బైట్లు దాటగానే దాని పేరే అక్షరాల్లో రాసి ఉంటుంది. లినక్స్ ఎక్స్‌ట్ కుటుంబానిదైతే 1080 బైట్లు దాటాక ఈఎఫ్53 అనే గుర్తు ఉంటుంది. విండోస్ వేసే తాళం బిట్‌లాకర్. అది వేసిన పార్టిషన్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ అన్న అక్షరాల స్థానంలో ఎఫ్‌వీఈ-ఎఫ్ఎస్ అని ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, కొన్నవాళ్లకి తెలియకుండానే, ఈ తాళం పడి ఉంటోంది. డిస్క్ బాగానే ఉంటుంది, తాళంచెవి లేక బయటివాడికి అదంతా అర్థంకాని రాతలా కనిపిస్తుంది. లినక్స్ ఎక్కించే ముందు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ ఉందో లేదో చూసుకోవడం, రికవరీ కీ రాసి పెట్టుకోవడం తప్పనిసరి.

ఎదుటివాడి రాత రాకపోతే ఏం చెయ్యాలన్న దగ్గరే అసలు ప్రమాదం ఉంది. విండోస్ తనదే అనుకున్న పార్టిషన్‌లో తెలియని రాత కనపడితే, డ్రైవ్ అక్షరం ఇచ్చి, వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలని అడుగుతుంది. పెద్ద డిస్క్‌ల కోసం వచ్చిన జీపీటీ పట్టికలో రకం చెప్పడానికి ఒక బైటు బదులు 16 బైట్ల గుర్తింపు పెట్టారు. చోటు కొరత తీరింది. అయినా లినక్స్ పనిముట్లు 2011 ప్రాంతం వరకు మైక్రోసాఫ్ట్ మామూలు డేటా పార్టిషన్‌కి వాడే గుర్తింపునే తమ పార్టిషన్లకీ వేసేవి. దాంతో విండోస్ ఆ పార్టిషన్ తనదే అనుకుని తెరవబోయేది, లోపల రాత తెలియక ఫార్మాట్ అడిగేది. చాలా ఏళ్ల కిందట ఒక మిర్చి కమీషన్ కొట్టులో సరిగ్గా ఇలాగే జరిగింది. లినక్స్‌లో వాడిన బ్యాకప్ డిస్క్‌ని విండోస్ మెషీన్‌కి తగిలించారు. ప్రశ్న వచ్చింది, గుమస్తా ఎస్ నొక్కాడు. రైతుల ఖాతాలు రెండు సీజన్లవి అందులో ఉన్నాయి. చీటీలు ముందేసుకుని ఆ కుటుంబమంతా నెల రోజులు మళ్లీ ఎక్కించుకుంది. నొక్కినవాణ్ణి నేను తప్పుపట్టను, అడిగిన తీరే తప్పు.

లినక్స్ వైపు కథ వేరేలా నడిచింది. 1991లో అది మినిక్స్ అనే మరో సిస్టమ్ ఫైల్‌సిస్టమ్‌నే వాడుకుంది. 64 మెగాబైట్లు దాటితే పనికిరాదు, ఫైలు పేరు 14 అక్షరాలు మించకూడదు. 1992లో రెమీ కార్డ్ ఎక్స్‌ట్ రాశాడు, మరుసటి ఏడాది ఎక్స్‌ట్2 వచ్చింది. 2001లో ఎక్స్‌ట్3, 2008లో ఎక్స్‌ట్4 లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయలో, చేరాయి. ఎక్స్‌ట్2 నుంచి పేర్లు మారినా గుర్తు అదే ఈఎఫ్53. మరి పాత ప్రోగ్రామ్‌కి కొత్త రాత ఎదురైతే?

ఎక్స్‌ట్2లో దీనికి పెట్టిన ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఫైల్‌సిస్టమ్‌కి కొత్త సౌకర్యం చేర్చినప్పుడల్లా దాన్ని మూడు జాబితాల్లో ఒకదానిలో నమోదు చేస్తారు. మొదటి జాబితాలోది తెలియకపోయినా చదవచ్చు, రాయచ్చు. రెండో జాబితాలోది తెలియకపోతే చదవచ్చు గానీ రాయకూడదు. మూడో జాబితాలో తెలియనిది ఒక్కటి కనిపించినా అసలు ముట్టుకోకూడదు. అంటే ఇక్కడ 'తెలియదు' అని ఆగిపోవడం మర్యాద. రాని రాతను ఊహించి చదివి పాడుచేసే బదులు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

చిక్కల్లా ఒకటే. ఒకే కంప్యూటర్‌లో ఈ రాత చదివేవాళ్లు ఒక్కరు కాదు. ముందు మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్ యూఈఎఫ్ఐ చదవాలి. దానికి కచ్చితంగా వచ్చేది ఫ్యాట్ అనే పాత ఫైల్‌సిస్టమ్ ఒక్కటే, అందుకే సాధారణంగా డిస్క్ మొదట్లో ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్ ఉంటుంది. ఎందుకులే అని దాన్ని తీసెయ్యకండి. ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌నీ ఫ్యాట్32లోనే పెట్టమనడానికి కారణం అదే. అందులో మళ్లీ ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు, పెన్‌డ్రైవ్ పేరు 11 అక్షరాలు మించకూడదు. పొడుగాటి పేరుతో తన పెన్‌డ్రైవ్‌ని వెతుక్కునే కొన్ని లినక్స్ ఇన్‌స్టాలర్లు కత్తిరించిన పేరు చూసి గుర్తుపట్టలేక మొదట్లోనే ఆగిపోయేది అందుకే. యూఈఎఫ్ఐ తర్వాత గ్రబ్ చదవాలి, ఆపైన కెర్నెల్. గ్రబ్‌కి తన సొంత చదువరి ఉంటుంది, అది కెర్నెల్‌తో పాటు ఎదగదు. 2008 ప్రాంతంలో, ఒక్కో ఫైలు వివరాలు దాచే ఐనోడ్ పరిమాణం 128 నుంచి 256 బైట్లకి పెరిగినప్పుడు పాత గ్రబ్ ఇలాగే తడబడింది.

2023 ఫిబ్రవరిలో అదే మళ్లీ జరిగింది. ఎక్స్‌ట్4 పార్టిషన్లు తయారుచేసే ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.47.0, ఫైల్‌సిస్టమ్ సొంత వివరాలు చెడిపోయాయేమో పసిగట్టే లెక్కకి సంబంధించిన మెటాడేటా చెక్‌సమ్ సీడ్ అనే సౌకర్యాన్ని తనంతట తానే వెయ్యడం మొదలుపెట్టింది. అది మూడో జాబితాలోది. 2021లో విడుదలైన గ్రబ్ 2.06కి అది తెలియదు. తెలిసిన 2.12 వచ్చేసరికి 2023 డిసెంబర్ అయింది. మధ్యలో కొత్త పనిముట్టుతో పార్టిషన్ చేసి పాత లినక్స్ ఎక్కించినవాళ్లకి ఆ రెండు మాటలూ ఎదురయ్యాయి.

మన కుర్రాడు చేసింది అదే. స్నేహితుడి దగ్గరి కొత్త లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపేది) జీపార్టెడ్ అనే పనిముట్టులో పార్టిషన్ చేసుకున్నాడు. తర్వాత తన దగ్గరున్న పాత లినక్స్ ఎక్కిస్తూ, పార్టిషన్ తయారుగా ఉంది కదా అని ఫార్మాట్ దగ్గర టిక్ తీసేశాడు. టిక్ ఉంచి ఉంటే ఆ పాత ఇన్‌స్టాలర్ తనకి వచ్చిన రాతలోనే ఆ ఒక్క పార్టిషన్‌నీ రాసుకునేది.

ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి డీ డ్రైవ్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయించాం. అది అయ్యాకే మిగతాది ముట్టుకున్నాం. డంప్ఈ2ఎఫ్ఎస్ కమాండ్‌తో ఆ పార్టిషన్ సౌకర్యాల జాబితా చూస్తే చెక్‌సమ్ సీడ్ కనిపించింది. పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేసి, ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఆ ఒక్కటీ తీసేసి, తప్పులు వెతికే ఎఫ్ఎస్‌చెక్ ఒకసారి నడిపి, గ్రబ్ మళ్లీ వేశాం. ఈసారి మాట్లాడకుండా పూర్తయింది. రాత్రి తొమ్మిదిన్నరకి లాగిన్ తెర వచ్చింది. కుర్రాడు ముందు డీ డ్రైవ్ తెరిచి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఫైళ్లు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి.