కార్తీ చేతిలో ప్లేటు గురించి అవ్వ రాసిన ఉత్తరం

పెరంబూరు, చెన్నై

కార్తీకి, హాసినికి, మా బుడ్డోడు వివాన్‌కి అవ్వ దీవెనలు.

విరిగిన ముంజేతి ఎముకలకు కార్తీ చేతిలో వేసిన లోహపు ప్లేటు తుప్పు పడుతుందా, ఎయిర్‌పోర్టులో బీప్‌మంటుందా, ముసలాడయ్యేదాకా లోపలే ఉండిపోతుందా అని ఒకరి తర్వాత ఒకరు వాయిస్ మెసేజీలు పెట్టారు. ఉద్యోగమంతా ఎముకల డాక్టర్ల పక్కన నిలబడి స్క్రూలు అందించిన థియేటర్ నర్సుని నేను. ఇలాంటి ప్రశ్నలకు ఫోనులో "ఏం కాదులే" అని చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు. హాసినీ, నువ్వు పైకి చదువు, వాళ్ళిద్దరూ వింటారు.

మీ ఇంట్లో అందరూ "ప్లేటు వేసేశారుగా, ఇంక అతుక్కున్నట్టే" అంటున్నారు. ముందు ఆ మాట సరిచేయాలి. ప్లేటు ఎముకను అతికించదు. మన ఊళ్ళో మామిడి అంటు కట్టడం చూశారుగా. చుట్టూ బిగించిన పట్టీ కొమ్మల్ని అతికించదు, కదలకుండా పట్టుకుంటుంది, అంతే. లోపల కొమ్మలే కలుసుకుంటాయి. కార్తీ ముంజేతిలోనూ జరుగుతున్నది అదే. అతుక్కునే పని ఎముకది. ఆ పని పూర్తయ్యేదాకా ఎముక ఉండాల్సిన చోట ఉండేలా కాపలా కాయడం ప్లేటుది.

ఎముక ఎలా అతుక్కుంటుందంటే, విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. కొద్ది రోజుల్లో అందులోకి సన్నటి రక్తనాళాలు పాకుతాయి, మెత్తటి మృదులాస్థి పుడుతుంది. తర్వాత అందులో కాల్షియం చేరి గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో విరిగిన చోట తెల్లగా ఉబ్బెత్తుగా కనిపించేది అదే, కాలస్ అంటారు. కార్తీ ఎక్స్‌రేలో ఆ ఉబ్బు కనిపించలేదని మీ నాన్న కంగారు పడ్డాడట. రెండు ముక్కల్నీ వెంట్రుకవాసి సందు లేకుండా కలిపి, ఒకదానికొకటి నొక్కి ప్లేటు బిగిస్తే కాలస్‌తో పని ఉండదు. ఎముకను తొలిచే కణాలు ఆ గీతకు అడ్డంగా సన్నటి సొరంగాలు తవ్వుకుంటూ పోతాయి, వాటి వెనకే ఎముక కట్టే కణాలు ఆ సొరంగాలను పూడుస్తూ వస్తాయి. నెలలు గడిచేకొద్దీ గీత మసకబారిపోతుంది. కాబట్టి మీ నాన్నను కంగారు పడొద్దనండి.

మరి పిండికట్టుతో ఎందుకు సరిపెట్టలేదు? కార్తీ, మంచి చేయి చాపి అరచేయి పైకి తిప్పు, మళ్ళీ కిందికి తిప్పు. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి, రేడియస్, అల్నా. నువ్వు అరచేయి తిప్పినప్పుడల్లా రేడియస్ వెళ్ళి అల్నా చుట్టూ తిరుగుతుంది. ఆ రేడియస్‌కు సన్నటి విల్లువంపు ఉంటుంది. అది కాస్త తేడాగా అతుక్కున్నా చేయి సగమే తిరుగుతుంది. అప్పుడు అరచేతిలో తీర్థం పట్టుకోవడం కూడా కష్టమే. నీకు రెండూ విరిగాయి, పైగా పదహారేళ్ళొచ్చాయి.

హాసినికి నాలుగో తరగతిలో మణికట్టు దగ్గర విరిగితే కట్టుతోనే పోయిందే అంటావు. దానిది వేరే లెక్క. చిన్నపిల్లల ఎముకకు పైన మందపాటి పొర ఉంటుంది, ఎముక కూడా సాగుతుంది. దాని ఎముక ఒక పక్క చిట్లి రెండో పక్క వంగి ఊరుకుంది. గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ అంటారు. ఎదిగే వయసులో కొద్దిపాటి వంకరను ఎముక తనే సరిచేసుకుంటుంది. చిన్నపిల్లలకు లోపల ఆధారం కావలసి వచ్చినా ఎక్కువగా వంగే గుణమున్న సన్నటి టైటానియం కడ్డీలను ఎముక బోలులోకి పంపుతారు. ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. దాని జోలికి పోకుండా జాగ్రత్తపడతారు.

ఇప్పుడు నా పని చెప్తాను. థియేటర్లో నా ముందు స్టీలు ట్రే ఉండేది. ఆటోక్లేవులో ఆవిరి ఒత్తిడి మీద 134 డిగ్రీల వేడికి ఉడికి వచ్చిన ట్రే. దాని మూటకు అంటించిన టేపు మీద చారలు నల్లబడ్డాయో లేదో చూడందే నేను ముడి విప్పేదాన్ని కాదు. లోపల స్క్రూలు వరసగా నిలబడి ఉంటాయి, 12, 14, 16, 18 మిల్లీమీటర్లు, అలా రెండేసి పెరుగుతూ. ముంజేతికి వాడేవి సాధారణంగా మూడున్నర మిల్లీమీటర్ల లావువి. వాటికి రంధ్రం మాత్రం రెండున్నర మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేస్తారు. మిగిలిన మందంలోనే మర కోసుకుని స్క్రూ పట్టుకుంటుంది.

ఎముక లోపల బోలుగా ఉంటుంది, గట్టిదనమంతా చుట్టూ గోడలోనే. డ్రిల్లు మొదటి గోడ దాటగానే ఒక్కసారి తేలికైపోతుంది, రెండో గోడ తగలగానే శబ్దం మళ్ళీ బరువెక్కుతుంది. అనుభవమున్న డాక్టరు చెవితోనే పోల్చుకుంటాడు, రెండో గోడ దాటిన క్షణంలో చేయి ఆపేస్తాడు. ఆపకపోతే అవతల కండ, నరం ఉన్నాయి. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ ఒకరు సెలైన్ చుక్కలుగా పోస్తూనే ఉండాలి. ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉన్నా దాని కణాలు దెబ్బతింటాయి. చచ్చిన ఎముకలో స్క్రూ కొన్నాళ్ళకు వదులైపోతుంది. తర్వాత కొక్కెం ఉన్న సన్నటి కొలబద్ద రంధ్రంలోకి పంపి, అవతలి గోడకు తగిలించి లోతు చూస్తారు. "పదహారు" అనగానే నేను పదహారు తీసి, మళ్ళీ కొలిచి, "పదహారు" అని పైకి చెప్పి అందించాలి. పొట్టిదిస్తే రెండో గోడ అందదు, పొడుగుదిస్తే అవతల గుచ్చుకుంటుంది. ఈ పైకి చెప్పే అలవాటు ఇంట్లో కూడా పోలేదు నాకు. మీ తాత కాఫీలో చక్కెర వేసేటప్పుడూ చెప్తాను.

విరిగిన చోటుకు అటు మూడు, ఇటు మూడు స్క్రూలైనా పట్టాలన్నది ముంజేతికి మామూలు లెక్క. కార్తీ ఎక్స్‌రేలో లెక్కపెట్టి చూడండి. ప్లేటుకున్న రంధ్రాలు గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి. లోపలి అంచు ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. స్క్రూను కావాలనే ఆ ఏటవాలు వైపున దించుతారు. తల బిగిసేకొద్దీ కిందికి జారుతూ ఎముక ముక్కను విరుపు వైపుకి దాదాపు ఒక మిల్లీమీటరు లాగుతుంది. ఇందాక చెప్పిన నొక్కుడు వచ్చేది ఇక్కడినుంచే. ఒక మిల్లీమీటరే కదా అనకండి, అక్కడ దానికోసమే ఇంత తంటా. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్ళకు ఇంకో రకం వాడతారు, లాకింగ్ ప్లేటు అంటారు. స్క్రూ తలకే మర ఉండి, ప్లేటులోనే బిగుసుకుని, రెండూ ఒకే వస్తువైపోతాయి. మెత్తబడిన ఎముక మీద భారం అంతా పడదు.

ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. 1886లో జర్మనీలోని హాంబర్గ్‌లో హాన్స్‌మాన్ అనే డాక్టరు ఎముకకు ప్లేటు వేసి చూపించాడు. ప్లేటు కొస, స్క్రూల కాడలు చర్మం బయటికి పొడుచుకుని ఉండేవి, తర్వాత లాగేయడానికి వీలుగా! అప్పటికి ఎక్స్‌రే లేదు. రాంట్‌జన్ దాన్ని కనిపెట్టింది 1895లో. తర్వాత లండన్‌లో లేన్ అనే సర్జన్ గ్లవ్సు వేసుకున్న వేలు కూడా గాయంలో పెట్టకుండా పొడవాటి పరికరాలతోనే పని చేసేవాడు. ఆ శుభ్రత వల్ల చీము పట్టడం తగ్గింది గానీ, ఆనాటి ఉక్కు ఒంట్లో తుప్పు పట్టేది, విరిగేది. ముక్కల్ని నొక్కి బిగించాలన్న సంగతిని 1949లో బెల్జియం డాక్టరు డానిస్ పుస్తకంగా రాశాడు. ఆయన దగ్గరికి వెళ్ళి చూసొచ్చిన మ్యుల్లర్, తోటి స్విస్ డాక్టర్లతో కలిసి 1958లో బీల్ అనే ఊళ్ళో ఏఓ అనే బృందం పెట్టాడు. వాళ్ళు చేసిన గొప్ప పని, నా దృష్టిలో, వేసిన ప్రతి ప్లేటుకూ ఎక్స్‌రేలతో సహా లెక్క రాసి దాచడం. ఎక్కడ చెడిందో కాగితం మీద కనిపిస్తేనే కదా మార్చేది. లోహం సంగతి తేల్చడానికి వాళ్ళకు తోడైంది గడియారాల లోహాల మీద పనిచేసే స్ట్రౌమాన్ సంస్థ.

ఇక తుప్పు. ఇప్పుడు వాడే స్టీలు 316ఎల్ రకం. ఇందులో క్రోమియం 17 నుంచి 19 శాతం ఉంటుంది. అది గాలితో, నీటితో కలిసి పైన కంటికి కనిపించనంత పలచటి పొర కడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనే కట్టుకుంటుంది. వంటింటి స్టీలు గిన్నెలో ఉన్న గుణమూ అదే. ఒంట్లో నెత్తురు ఉప్పునీరు కాబట్టి దాన్ని తట్టుకోవడానికి ఇందులో మాలిబ్డినం ఎక్కువ కలుపుతారు. టైటానియానికీ ఇలాంటి పొరే ఉంటుంది. స్టీలు ప్లేటుకు టైటానియం స్క్రూ మాత్రం కలపరు. రెండు వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలితే బ్యాటరీ పుడుతుంది, ఒకటి అరిగిపోతుంది. టైటానియమే గొప్పదని, ఖరీదెక్కువని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్టీలు ఎముకకన్నా పదింతలు వంగకుండా బిర్రుగా ఉంటే, టైటానియం ఐదారింతలే, అంటే ఎముక గుణానికి కాస్త దగ్గర. అది దానికున్న మంచి గుణమే. కానీ టైటానియం లాకింగ్ స్క్రూ తల కొన్నిసార్లు ప్లేటుతో బిగుసుకుపోయి, తీసేటప్పుడు డాక్టర్లకు చెమటలు పట్టిస్తుంది. నేను చూశాను.

తుప్పుకన్నా భయపడాల్సింది వేరే ఉంది. బైండింగ్ వైరును అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది కదా. ప్లేటు అంత సులువుగా తెగదు గానీ, అతుక్కోని ఎముక మీద రోజూ కాస్త కాస్త వంగుతూ ఉంటే ఎంత మంచి లోహమైనా ఒకరోజు విరుగుతుంది. ఇది ఎముకకూ లోహానికీ మధ్య పందెం. ఎముక ముందు అతుక్కుంటే భారం తనమీద వేసుకుంటుంది, ప్లేటు బతుకుతుంది. అందుకే డాక్టరు బరువులెత్తొద్దంటే ఎత్తకూడదు. సిగరెట్టు తాగేవాళ్ళకు ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది. ఈ వాక్యం మీ బాబాయికి రెండుసార్లు వినిపించండి.

తిండి సంగతి. పప్పు తింటే చీము పడుతుందని కార్తీకి పత్యం పెట్టారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదు. చీము పట్టేది క్రిములవల్ల. పుండు మానడానికి, ఎముక కట్టడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు అన్నీ పెట్టండి. నల్లేరు పచ్చడి ఎముకలకు మంచిదని పక్కింటి మామి పిరండై తొగయల్ ఇచ్చిందిగా, అదీ తినండి, రుచిగా ఉంటుంది. గుడ్డు మాత్రం మానొద్దు.

చెన్నైలో వీధివీధికీ పుత్తూరు కట్టు బోర్డు ఉంటుంది కదా, అక్కడికి పోయుంటే సరిపోయేదా అని వివాన్ అడిగాడు. పుత్తూరు మన నగరి పక్కనే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే ఆ కట్టును నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. సుశ్రుతుడు కూడా మోదుగ, రావి, మేడి బెరడుతో, వెదురుతో బద్దలు కట్టమన్నాడు. ముక్కలు పక్కకు జరగని విరుపుకి, చర్మం చిట్లనప్పుడు, కదలకుండా ఉంచితే చాలు, ఎముక అతుక్కుంటుంది. పక్కకు జరిగిన ముంజేతి ఎముకల్ని పైనుంచి చేత్తో వెంట్రుకవాసికి కుదర్చడం ఎవరికీ సాధ్యం కాదు. కట్టు ఎవరు కట్టినా, పసరు కట్టైనా పిండికట్టైనా, వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు. వెంటనే కట్టు విప్పించాలి. లోపల రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో చిన్న ప్లేటుకు గేటు మోగొచ్చు, మోగకపోవచ్చు. మోగితే చేతి మచ్చ చూపించి చెప్పండి, డిశ్చార్జి కాగితం ఫొటో ఫోనులో ఉంచుకోండి. ఎమ్మారై తీయాల్సి వస్తే ముందే చెప్పాలి. ఈ లోహాలను అయస్కాంతం లాగదు గానీ, ప్లేటు చుట్టూ బొమ్మ చెదురుతుంది.

తీయించాలా అంటే, ముంజేతి ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే చాలామందికి అలాగే వదిలేస్తారు. మళ్ళీ కోస్తే నరానికి దెబ్బ తగిలే భయం ఉంది. స్క్రూలు తీసిన రంధ్రాలు పూడేదాకా కొన్ని నెలలు ఎముక అక్కడే మళ్ళీ విరగొచ్చు. కార్తీ, నీ ఎదుగుదల చూసి మీ డాక్టరే చెప్తాడు.

తీసిన ప్లేటు ఇంటికి తెచ్చుకోవచ్చా అని వివాన్ ప్రశ్న. అడిగితే చాలాచోట్ల కడిగి ఇస్తారు. దాన్ని ఇంకొకరికి మాత్రం వేయరు, చూపుకు ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే. లోపల ఎన్నిసార్లు వంగిందో, ఎక్కడ సన్నటి పగులు మొదలైందో కంటికి తెలియదు.

ఆదివారం వచ్చేటప్పుడు ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాతది, రెండూ తీసుకురండి. కిటికీ వెలుతురులో పెట్టి చూపిస్తాను.

మీ అవ్వ