అమ్మాయిలకూ 18 ఏళ్లకే మిషన్: వయసు కలిసింది, గడువు కలవలేదు

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం, అంటే వాడుకలో మోర్మన్ల సంఘం, 2025 నవంబర్ 21న చేసిన ప్రకటనతో పాత వాదన మళ్లీ రాజుకుంది. ఇకపై అమ్మాయిలు కూడా అబ్బాయిల్లాగే 18 ఏళ్లు నిండగానే మిషన్‌కు, అంటే ఇల్లు విడిచి పూర్తికాలం మత ప్రచారానికి, వెళ్లొచ్చు. స్కూలు చదువు అప్పుడే ముగించిన పిల్లను భాష రాని దేశానికి పంపడమేమిటని కొందరు తల్లిదండ్రులు బెంగపడుతున్నారు. వయసు సమానం చేసినవాళ్లు గడువెందుకు సమానం చేయలేదని అమ్మాయిలు అడుగుతున్నారు. అబ్బాయికి 24 నెలలు, అమ్మాయికి 18 నెలలు అన్న లెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తెల్ల చొక్కా, టై, నల్ల నేమ్‌ట్యాగ్‌తో ఇద్దరిద్దరుగా తలుపు తట్టే కుర్రాళ్లను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లు చూసే ఉంటారు. ఇవాళ్టి వాదన అర్థం కావాలంటే 2012 అక్టోబర్ 6 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు సంఘం అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ అబ్బాయిల వయసును 19 నుంచి 18కి, అమ్మాయిల వయసును 21 నుంచి 19కి దించారు. ఇద్దరికీ 18 ఎందుకు పెట్టలేదని విలేఖరులు అడిగితే, ఒక్కసారికి ఒక్క అద్భుతం చాలు అన్న అర్థంలో సంఘం అపొస్తలుల్లో ఒకరైన జెఫ్రీ ఆర్. హాలండ్ జవాబిచ్చారు. ఆ రెండో అద్భుతానికి పదమూడేళ్లు పట్టింది.

21 ఏళ్ల నిబంధన పైకి కనిపించినంత మామూలుది కాదు. పెళ్లిళ్లు తొందరగా జరిగే సమాజంలో ఆ వయసు వచ్చేసరికి చాలామంది అమ్మాయిలకు పెళ్లయిపోయేది, లేదంటే డిగ్రీ చివరికొచ్చేది. 1898లోనే ఇద్దరు పెళ్లికాని యువతులు ఇంగ్లండ్ వెళ్లి మిషనరీలుగా పనిచేసినా, అబ్బాయికి మిషన్ బాధ్యతగానూ అమ్మాయికి ఇష్టముంటే చేసే సేవగానూ ఉండిపోయాయి. 2012లో ఆ కట్ట తెగింది. వారానికి సుమారు 700 వచ్చే దరఖాస్తులు 4,000కు చేరాయి. వాటిలో సగానికి పైగా అమ్మాయిలవే. 2012 చివర 59 వేలకు దగ్గరలో ఉన్న మిషనరీల సంఖ్య 2013 చివరికి 83 వేలు దాటింది. ఒక్క 2013లోనే 58 కొత్త మిషన్లు, అంటే ప్రచార ప్రాంతాలు, తెరిచారు.

వచ్చినవాళ్లందరికీ శిక్షణ కేంద్రాల్లో చోటెక్కడ? శిక్షణ కాలాన్ని దాదాపు మూడోవంతు తగ్గించారు. ఇంగ్లిష్‌లోనే పనిచేసేవాళ్లకు మూడు వారాలు ఉండేది రెండు వారాలకు దగ్గరపడింది. జపనీస్ లాంటి కష్టమైన భాషలకు సుమారు 12 వారాలు 9 అయ్యాయి. వయసూ తగ్గింది, తయారీ కూడా తగ్గింది. రెండూ ఒకేసారి జరగడమే తర్వాతి మార్పులన్నిటికీ మూలం. సంఘం ఈ మాటను ఇలా చెప్పలేదు, కానీ మార్పుల వరుస చూస్తే మరో అర్థం దొరకదు.

పాత దినచర్య ఇదీ. ఉదయం 6.30కి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. 8 నుంచి గంట సొంత చదువు, 9 నుంచి గంట కంపానియన్‌తో (జతగా పనిచేసే మిషనరీతో) కలిసి చదువు, ఆ పైన భాష. కొత్తవాళ్లకు ఇంకో గంట అదనం. ఆ తర్వాత బయటపడితే రాత్రి 9కి తిరిగి రావడం, మర్నాటి పని రాసుకోవడం, 10.30కి లైటు ఆర్పడం. వారంలో ఒక్కరోజు, ఎక్కువ చోట్ల సోమవారం, పీ-డే: బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఉత్తరం రాయడం. అది కూడా పూర్తి సెలవు కాదు, సాయంత్రం 6కి మళ్లీ పనిలోకి దిగాలి.

కంపానియన్ అంటే ఒకే గదిలో వేరు మంచాల మీద పడుకుని, బాత్రూమ్ తప్ప మిగతా వేళంతా చూపుకీ పిలుపుకీ అందే దూరంలో ఉండాల్సిన మనిషి. ఎవరితో ఉండాలో ఆ ప్రాంతం బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్ నిర్ణయిస్తారు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల జాబితా వస్తుంది. ఊరైనా మారొచ్చు, జంటైనా మారొచ్చు, రెండూ మారొచ్చు. ఇద్దరికీ పొసగకపోతే బయటికి వెళ్లి ఒంటరిగా కాసేపు నడిచి రావడానికి కూడా వీల్లేదు. వారపు ప్రణాళిక చివర ఎదురెదురుగా కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలన్న నియమం పెట్టింది అందుకే. చెప్పుకోవడం రాని వయసులో అదే పెద్ద పరీక్ష. హాస్టల్ జీవితం ఒక ఏడాది చూసి వచ్చిన పిల్లకూ, అమ్మ పక్క నుంచి నేరుగా వచ్చిన పిల్లకూ ఇక్కడే తేడా తెలుస్తుంది.

2017 జనవరిలో ఈ పట్టు సడలించారు. ప్రణాళిక రాత్రి నుంచి ఉదయానికి మారింది. ఎప్పుడు చదవాలి, ఎప్పుడు తినాలి అన్నదాన్ని ఆ దేశపు అలవాట్లను బట్టి సర్దుకోవచ్చన్నారు. 2018 డిసెంబర్‌లో అమ్మాయిలకు ప్యాంటు వేసుకునే వీలిచ్చారు. దోమలతో జబ్బులొచ్చే దేశాల్లో అప్పటికే అనుమతి ఉంది. చిన్న విషయమని కొట్టిపారేయకూడదు. జపాన్‌లో మిషనరీలకు సైకిలే కాళ్లు. స్కర్టుతో తొక్కితే అంచు చైన్‌లో పడుతుంది, వర్షంలో తడిసి కాళ్లకు చుట్టుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు 2019 ఫిబ్రవరి 15న వచ్చింది. అప్పటిదాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండేసార్లు: క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. ఆ రోజు నుంచి ప్రతి పీ-డేకూ ఫోనో వీడియో కాలో చేసుకోవచ్చు. టోక్యోలో సోమవారం ఉదయం 9 అంటే సంఘం కేంద్రం ఉన్న అమెరికా రాష్ట్రం యూటాలో వేసవిలోనైతే ఆదివారం సాయంత్రం 6, ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చునే వేళ. కాల్ ఒక గంట దాటితే ఉతుకుడు వెనకబడుతుంది, పెట్టేసిన తర్వాత బెంగ పెరుగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. అయినా గడువు పూర్తికాకుండా తిరిగొచ్చిన పిల్లలు సంఘంలో గుసగుసలు భరించాల్సొచ్చిన సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ ఫోను తీసేయమనరు. ఇబ్బంది ముదరకముందే గొంతులో పట్టుకునేది తల్లే.

ఖర్చు కుటుంబానిదే. అమెరికా కుటుంబం నెలకు 400 డాలర్లు కట్టేది, 2020 జూలై నుంచి 500 అయింది. ఆ డబ్బు ఉమ్మడి నిధికి పోతుంది. జపాన్‌లో ఉన్నా పెరూలో ఉన్నా కట్టేది అంతే, చేతికొచ్చేది ఆ ఊరి ధరల్ని బట్టి. 18 నెలలకు 9,000 డాలర్లు, 24కు 12,000.

తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. అమ్మాయిలకు ఇది ఇష్టపూర్వకమే, తొందరేమీ లేదని పెద్దలు కూడా చెబుతున్నారు. కానీ 19 అన్న అంకె అమ్మాయిల చదువుకు చేసిన నష్టం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. భారతదేశంలో తొలి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సమూహం) ఏర్పడింది హైదరాబాద్‌లోనే, అదీ 2012లోనే. అక్కడి కుటుంబాల్లో 18 అంటే ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరకముందు. 19 అంటే డిగ్రీ మధ్యలో. జపాన్‌లోనూ స్కూలు మార్చిలో ముగిసి, ఏప్రిల్‌లో యూనివర్సిటీ మొదలవుతుంది. మధ్యలో వదిలి వెళ్తే తోటివాళ్లు ఉద్యోగాల వేటలో ముందుకెళ్లిపోతారు. అబ్బాయికి చదువుల మధ్య దొరికిన ఆ సందు అమ్మాయికి పదమూడేళ్లు దొరకలేదు.

ఇక గడువు. అది కదపరానిదేం కాదు. 1982లో ఖర్చు తగ్గుతుందని అబ్బాయిల గడువును కూడా 18 నెలలు చేశారు, 1984 చివర్లో మళ్లీ 24కు మార్చారు. 18 నెలలంటే సుమారు 78 వారాలు. జపనీస్ శిక్షణకు 9 వారాలు పోతాయి, పని నేర్పే మొదటి కంపానియన్, అంటే ట్రైనర్, చేతికింద మొదటి 12 వారాలు పోతాయి. మిగిలేది 57. అదే అబ్బాయికి 83. భాష నోటికి పట్టి, ఎదుటి మనిషి చెప్పేది కాగితం చూడకుండా అర్థమయ్యే సమయానికి అమ్మాయి పెట్టె సర్దుకుంటోంది. కొత్త ప్రకటన ఆ 26 వారాల జోలికి పోలేదు.