అమ్మ కేసు వేస్తే కొడుకు జైలుకు వెళ్తాడా?

అపోహ: ‘రక్షణ ఉత్తర్వు అడిగితే పోలీసులు వచ్చి కొడుకును పట్టుకుపోతారు.’

నా దగ్గరకు వచ్చే తల్లులు చాలామంది దెబ్బలు చూపిస్తారు గానీ పిటిషన్ మీద సంతకం పెట్టరు. కారణం ఈ మాటే. దీన్ని ప్రచారం చేసే బంధువులు ఒక్కసారి చట్టం చదివితే బాగుండును.

వాస్తవం: 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అరెస్టు వారంటు కాదు. అమ్మను కొట్టకూడదు, వేధించకూడదు, ఉమ్మడి బ్యాంకు ఖాతాను కోర్టు అనుమతి లేకుండా ముట్టకూడదు అని కట్టడి చేస్తుంది, అంతే. దాన్ని మీరితేనే 31వ సెక్షన్ వస్తుంది: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలుకు పోవడమా మానడమా అన్నది కొడుకు చేతుల్లోనే ఉంటుంది. దెబ్బల మీద పోలీసు స్టేషనులో ఎఫ్‌ఐఆర్ పెట్టడం వేరే దారి. రెండింటినీ కలగలిపి చెప్పడం వల్లే ఇంత భయం.

చేతికి కట్టుతో వచ్చిన ఒక పెద్దావిడ పిటిషన్ మొత్తం చదివించుకుని, ‘బాబు ఉద్యోగం పోదు కదా లాయరమ్మా?’ అన్నారు. కలం పట్టుకున్నాక మళ్లీ అదే ప్రశ్న. ఆ భయాన్ని తీర్చకుండా సెక్షన్లు వల్లించి ఏం లాభం? విచారణ ముగిసేదాకా ఆగే పరిస్థితి కాదు కాబట్టి, మధ్యంతర ఉత్తర్వు కూడా అడిగాం. అత్యవసరమని నమ్మితే అవతలివారి వాదన వినకముందే మేజిస్ట్రేటు దాన్ని ఇవ్వవచ్చు. ఉత్తర్వు అందాక ఆ కొడుకు ఉద్యోగానికి వెళ్తూనే ఉన్నాడు, చెయ్యెత్తడం మాత్రం మానాడు. ఇద్దరికీ ఇప్పటికీ మాటలు లేవట.

‘అది కోడళ్ల చట్టం’ అనేది ఇంకో మాట. కాదు, తల్లీ వేయవచ్చు. 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కోడలిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. అయితే ఇల్లు విడిచి వెళ్లమన్న ఆదేశం కొడుకు మీదే ఇస్తారు, ఈ చట్టం కింద స్త్రీ మీద ఇవ్వరు.

తండ్రికి ఈ చట్టం వర్తించదు. ఆయన 2007 వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీఓ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ పోషణ ఖర్చు ఒక్కటే ఇస్తారనుకోకండి. పెద్దల రక్షణకు అవసరమైతే ఇల్లు ఖాళీ చేయించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కోడలి నివాస హక్కును కూడా చూడాలని అదే తీర్పులో అంది.

గిఫ్టు డీడు సంగతి: ‘రాసిచ్చేశాం, ఇక ఏమీ చేయలేం’, ‘ఎప్పుడైనా రద్దు చేయించుకోవచ్చు’, రెండూ తప్పే. తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు ఉండి, అది తప్పితే రద్దు కోరవచ్చు. ఆ షరతును దస్తావేజులోనే రాయించండి, నోటిమాటగా వదిలేయకండి.

ఫీజుకు డబ్బు లేదని ఆగిపోయే తల్లులకు: మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఎవరిని కలవాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయండి.