ఇన్ఫినిటీలోంచి ఇన్ఫినిటీ తీసేస్తే సున్నాయే రావాలని లేదు

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడిలో నా దగ్గరికి సాయంత్రం లెక్కలకి వచ్చేవాళ్ళలో కొందరు ఒడిశా ప్లస్ టూ పిల్లలు, కొందరు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చే ఇంటర్ పిల్లలు. బోర్డులు వేరు, పుస్తకాలు వేరు. లిమిట్స్‌లో (ఎక్స్ ఒక వైపు పోతుంటే జవాబు ఏ విలువకి చేరువవుతుందో చూసే లెక్కల్లో) మార్కులు పోయేది మాత్రం అందరికీ ఒకేచోట.

అపోహ: ∞ − ∞ = 0.

ఎక్స్²/(ఎక్స్+1) − ఎక్స్ తీసుకోండి. ఎక్స్ ఇన్ఫినిటీకి పోతుంటే లిమిట్ ఎంత? పైన ఎక్స్², కింద ఎక్స్, కొట్టేస్తే ఎక్స్, అందులోంచి ఎక్స్ పోతే సున్నా అని రాసేస్తారు. ఒక్కసారి 99 వేసి చూడండి బాబూ! 9801ని 100తో భాగిస్తే 98.01, అందులోంచి 99 తీసేస్తే −0.99. 999 వేస్తే −0.999. ఇది సున్నాకి పోతున్నట్టుందా? హారం కలిపి సూక్ష్మీకరిస్తే −ఎక్స్/(ఎక్స్+1) మిగులుతుంది. లిమిట్ −1.

"పెద్ద పవర్ ఉంచు, మిగతావి కొట్టెయ్" అనే షార్ట్‌కట్ ఎవరు పుట్టించారో గానీ, సీనియర్ల నోట్సుల్లో తరతరాలుగా తిరుగుతోంది. ఒకే భిన్నం ఉంటే అది చెల్లుతుంది. (3ఎక్స్²+5)/(2ఎక్స్²−ఎక్స్) అయితే నేనూ 3/2 అని చూడగానే చెప్పేస్తాను. మధ్యలో తీసివేత ఉందా, పెద్ద పదాలు రెండూ రద్దయిపోవచ్చు. అప్పుడు మనం అక్కర్లేదని కొట్టేసిన చిన్న ముక్కలోనే జవాబు ఉంటుంది.

ఏటవాలు అసింప్టోట్‌లోనూ ఇదే గొడవ. అసింప్టోట్ అంటే గ్రాఫ్ పోయేకొద్దీ అంతకంతకూ దగ్గరయ్యే గీత. ఎక్స్²/(ఎక్స్+1)కి వై = ఎక్స్ గీసేస్తారు. భాగహారం చేస్తే భాగఫలం ఎక్స్−1, శేషం 1. గీయాల్సింది వై = ఎక్స్−1. పైన వచ్చిన −1 ఇదే.

ఇంగ్లండు గణితవేత్త జాన్ వాలిస్ 1655లో ∞ గుర్తు పెట్టి, 1/∞ అని రాసి మరీ లెక్కలు చేశాడు కదా అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. చేశాడు. అప్పటికి లిమిట్‌కి సరైన నిర్వచనమే పుట్టలేదు. మీ సిలబస్‌లో అది ఉంది, తప్పించుకోలేరు.

ఆమధ్య ఒక తల్లి కూతురి జవాబుపత్రం పట్టుకొచ్చారు. "ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. దీనికి లెక్కలు ఎక్కడం లేదు మాస్టారూ, గ్రూపు మార్పించేమంటారా?" పత్రం తిరగేశాను. డెరివేటివ్స్ అన్నీ కరెక్టే. పోయిన మార్కుల్లో ఎక్కువ ఈ కొట్టివేత వల్లే. భాషకీ దీనికీ సంబంధం లేదమ్మా, టెన్షన్ పడకండి, గ్రూపు మార్చొద్దు అని పంపాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హారం సున్నా అయిన ప్రతిచోటా నిలువు అసింప్టోట్ ఉండదు. (ఎక్స్²−4)/(ఎక్స్−2)కి 2 దగ్గర ఉన్నది ఒట్టి రంధ్రం, ముందు కారణాంకాలు విడగొట్టండి. గ్రాఫ్ అసింప్టోట్‌ని తాకదన్న మాట నిలువు గీతకే నిజం. అడ్డగీతని దాటొచ్చు కూడా: ఎక్స్/(ఎక్స్²+1) అసింప్టోట్ ఎక్స్ అక్షమే, సున్నా దగ్గర దాన్నే దాటుతుంది. ఇక 1/ఎక్స్‌కి సున్నా దగ్గర లిమిట్ ∞ అని రాయకండి. కుడివైపు +∞, ఎడమవైపు −∞. రెండూ విడివిడిగా రాసి, లిమిట్ లేదని రాయాలి.