తక్కువ బడ్జెట్‌లో డ్రమ్ కిట్ సింబల్స్: అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి డ్రమ్స్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది కిట్ కొన్నాకే వస్తారు. ఎర్రగా మెరిసే ఐదు పీసుల కిట్, దాంతోపాటు షాపువాళ్లు కలిపి ఇచ్చిన సింబల్స్, అంటే స్టాండ్ల మీద ఉండే గుండ్రటి లోహపు పళ్లాలు: కాలి పెడల్‌తో ఒకదానికొకటి తాకే ఒక హై-హ్యాట్ జత, ఊపు కావాల్సిన చోట కొట్టే ఒక క్రాష్. రెండు నెలలు గడిచేసరికి వాళ్ల అమ్మగారో నాన్నగారో ఫోన్ చేసి, "మాస్టారూ, వీడు వాయిస్తుంటే వంటింట్లో పళ్లాలు కింద పడ్డట్టుంది, వీడికి చెయ్యి కుదరట్లేదా?" అని అడుగుతారు. పిల్లాడి చెయ్యి బాగానే ఉంటుంది. ఆ శబ్దం వాడిది కాదు, రేకుది. ఈ ఫోన్లు తీసీ తీసీ, సింబల్స్ కొనేముందే ఎవరో ఒకరు ఇదంతా చెప్పాలనిపించి రాస్తున్నాను.

అపోహ: "ముందు డ్రమ్స్ మంచివి కొందాం, సింబల్స్ తర్వాత చూసుకోవచ్చు."

నేనైతే దీన్ని తిరగేయమంటాను. చవక డ్రమ్‌కి కూడా మంచి స్కిన్ వేసి, ట్యూనింగ్ కీ పట్టుకుని ఓపిగ్గా ట్యూన్ చేస్తే వినదగ్గ శబ్దం వస్తుంది, ఆ పని చాలాసార్లు చేశాను. సింబల్‌కి ట్యూనింగ్ లేదు, మార్చడానికి స్కిన్ లేదు. ఫ్యాక్టరీలో ఏ శబ్దంతో పుట్టిందో చివరిదాకా అదే. పైగా లెక్క చూడండి: నిమిషానికి 100 బీట్ల టెంపోలో హై-హ్యాట్ మీద ఎయిత్ నోట్స్ (బీట్‌కి రెండు దెబ్బలు) వాయిస్తే నిమిషానికి 200 దెబ్బలు, ఐదు నిమిషాల పాటకు 1000. కిట్‌లో ఇంకేదీ అన్నిసార్లు మోగదు. టామ్ (కిట్‌లో అప్పుడప్పుడు వాయించే చిన్న డ్రమ్) బాగోకపోతే ఎవరూ గమనించకపోవచ్చు గానీ, హై-హ్యాట్ బాగోకపోతే పాట మొత్తం బాగోదు.

అపోహ: "బంగారు రంగులో ఉంది, పెట్టె మీద పెద్ద కంపెనీ పేరుంది, కాబట్టి మంచిదే."

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

చవక సింబల్స్‌లో ప్రధానంగా రెండు లోహాలు: ఇత్తడి, కంచు. ఇత్తడంటే రాగిలో జింక్ కలిపింది. సింబల్స్‌కి వాడే ఇత్తడిలో సాధారణంగా 63 శాతం రాగి, 37 శాతం జింక్ ఉంటుంది. కంచంటే రాగిలో తగరం కలిపింది. 92 శాతం రాగి, 8 శాతం తగరం అయితే బి8 అంటారు, 80కి 20 అయితే బి20. ఈ తేడా మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, సింబల్ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం, అంతే. గుళ్లో గంటని, భజన తాళాల్ని కంచుతో పోసేది ఊరికే కాదు, ఖంగుమనే గొంతుని కంచు కంఠం అనేదీ ఊరికే కాదు. కంచు చెంబుని వేలితో మీటితే మోగుతూ మోగుతూ మెల్లగా ఆగుతుంది. ఇత్తడి చెంబు ఠంగుమని అక్కడితో అయిపోతుంది. సింబల్‌లో కూడా అంతే: ఇత్తడి క్రాష్ కొడితే మొదట పళ్లెం కొట్టినట్టు ఒక స్వరం వినిపిస్తుంది, తర్వాత తోక ఉండదు. కంచు క్రాష్‌లో బోలెడు స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒక అలలా లేచి, పరుచుకుని, పలచబడుతుంది.

కంపెనీ పేరు ఈ విషయం చెప్పదు. పేరున్న పెద్ద కంపెనీలు చాలావరకు ఇత్తడివీ చేస్తాయి, కంచువీ చేస్తాయి. జిల్డ్జియన్‌లో ప్లానెట్ జెడ్ ఇత్తడి, ఐ సిరీస్ బి8 కంచు. సేబియన్‌లో ఎస్‌బీఆర్ ఇత్తడి, బి8ఎక్స్ పేరులోనే ఉంది. పైస్టీలో 101, పీఎస్‌టీ 3 ఇత్తడి; పీఎస్‌టీ 5, పీఎస్‌టీ 7 బి8. మైనల్‌ దగ్గర మాత్రం జాగ్రత్త, హెచ్‌సీఎస్ అంటే ఇత్తడి, హెచ్‌సీఎస్ బ్రాంజ్ అంటే బి8. పేర్లు దాదాపు ఒకటే, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఒకదానికి బదులు ఇంకొకటి అనుకుని ఆర్డర్ చేసినవాళ్లని చూశాను. కొనేముందు "ఇది ఏ లోహం?" అని అడగండి. కౌంటర్‌లో వాళ్లు జవాబు చెప్పలేకపోతే మీరే ఆ సిరీస్ పేరు పెట్టి కంపెనీ సైట్‌లో చూసుకోండి, ఒక్క నిమిషం పని.

ఇక కిట్‌తోపాటు ఉచితంగా వచ్చే పేరులేని సింబల్స్ సంగతి: అవి స్టిక్ పట్టుకోవడం, కాలితో పెడల్ తొక్కడం అలవాటయ్యేదాకా పనికొస్తాయి. పారేయకండి, వాటికి తువ్వాలు చుట్టి అపార్ట్‌మెంట్‌లో ప్రాక్టీస్‌కి వాడుకోవచ్చు.

అపోహ: "బి8 నేర్చుకునేవాళ్లకి, బి20 ప్రొఫెషనల్స్‌కి."

ఇది సగం తెలిసినవాళ్ల దగ్గర వినిపించే మాట, అందుకే ఇంకాస్త ప్రమాదం. పైస్టీ 2002 సిరీస్ 1971లో వచ్చింది, లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించిన సింబల్స్ అవి. వాటి లోహం బి8. అంటే ఎంట్రీ లెవెల్ సింబల్‌కీ ఆ సింబల్‌కీ లోహం ఒకటే, తేడా అంతా దాని మీద పెట్టిన పనిలో ఉంది. బి8 రేకుగా వస్తుంది, అందులోంచి గుండ్రంగా కోస్తారు. తగరం ఎక్కువున్న బి20 పెళుసు, అందుకే దాన్ని పోతపోసి, కాల్చి కాల్చి రోలర్ల కింద పలుచన చేయాలి, అక్కడే ధర పెరుగుతుంది. ఆ తర్వాత సుత్తి దెబ్బలు ఎన్ని, ఎలా వేశారు, లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఎంత చెక్కారు అన్నదాన్ని బట్టి శబ్దం తయారవుతుంది. సుత్తి దెబ్బలు లోహంలో అక్కడక్కడా బిగువు తెస్తాయి, ఆ బిగువు వల్లే శబ్దంలో పొరలు పుడతాయి. చవక సింబల్‌ని వెలుతురులో పట్టుకుని చూస్తే, దెబ్బల గుర్తులు అన్నీ ఒకే కొలతలో, ఒకే వరసలో, పైపైన ఉంటాయి.

కాబట్టి బడ్జెట్ తక్కువైతే బి8 కొనడంలో చిన్నతనమేమీ లేదు. బి8 గొంతు కాస్త పదునుగా, సూటిగా ఉంటుంది, గిటార్లు గట్టిగా మోగే బ్యాండ్‌లో అది బాగా వినిపిస్తుంది. ఇంకొంచెం పెట్టగలిగితే జిల్డ్జియన్ ఎస్ లాంటి బి12, సేబియన్ ఎక్స్‌ఎస్‌ఆర్ లాంటి బి20 మధ్యస్థ ధరలో ఉన్నాయి.

అపోహ: "మందంగా ఉంటే ఎక్కువకాలం వస్తుంది."

ఈ ఒక్క మాట వల్ల మన దగ్గర చర్చిల్లో, ఫంక్షన్ హాళ్లలో ఎంతమంది చెవులు నొప్పి పుట్టాయో. మందపాటి సింబల్ మోగాలంటే గట్టిగా కొట్టాలి, గట్టిగా కొడితేనే పలుకుతుంది కాబట్టి పిల్లలకి గట్టిగా కొట్టడమే అలవాటవుతుంది, అంత గట్టిగా కొడితే మందపాటిదీ పగులుతుంది. పలుచటి క్రాష్ మెల్లగా తాకినా విచ్చుకుంటుంది, త్వరగా ఆగుతుంది. సిమెంట్ గోడలు, పైన రేకులు ఉన్న చిన్న ప్రార్థన మందిరంలో కావలసింది అదే. కొనేటప్పుడు తూకం వేయండి, నేను ఎప్పుడూ వేస్తాను. 16 అంగుళాల క్రాష్ కిలోకి అటూ ఇటూగా ఉంటే పలుచటిది, 1200 గ్రాములు దాటితే చిన్న గదికి బరువే. రైడ్‌కి (పాట పొడుగునా తాళం వాయించే పెద్ద సింబల్‌కి) మాత్రం బరువు కావాలి, లేకపోతే స్టిక్ దెబ్బలు విడివిడిగా వినపడవు.

సింబల్ ఎక్కువకాలం రావడం మందం మీద కంటే మీ చెయ్యి మీద, స్టాండ్ మీద ఆధారపడుతుంది. అంచుని ఎదురుగా నరికినట్టు కాకుండా పక్కకి జారుతున్నట్టు కొట్టాలి. పైన రెక్కల నట్టుని బిగించి పెడితే సింబల్ కదలదు, కదలలేనిది పగులుతుంది. వదులుగా ఊగనివ్వండి. కింద ఫెల్ట్ (మెత్తటి ఉన్ని బిళ్ల), లోపల ప్లాస్టిక్ గొట్టం లేకుండా ఇనుప రాడ్ మీద నేరుగా పెడితే మధ్య రంధ్రం అరిగి ఒకవైపు సాగుతుంది. పది ఇరవై రూపాయల ప్లాస్టిక్ ముక్క కోసం వేల రూపాయల సింబల్ పాడుచేసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: "సెకండ్‌హ్యాండ్ సింబల్ కొనకూడదు, పగిలినా వెల్డింగ్ చేయిస్తే సరిపోతుంది."

మొదటి సగం తప్పు, రెండో సగం ఇంకా తప్పు. కొత్త ఇత్తడి ప్యాక్ ధరకి ఒక్కోసారి వాడిన కంచు హై-హ్యాట్ దొరుకుతుంది, దొరికితే కళ్లు మూసుకుని కొనమనను గానీ కళ్లు తెరిచి కొనమంటాను. నా మొదటి సెకండ్‌హ్యాండ్ క్రాష్ దుమ్ము పట్టి ఉంది, తుడవకుండానే తెచ్చుకున్నాను, ఇంటికొచ్చి తుడిస్తే అంచున వేలెడంత పగులు. అప్పటినుంచి ఇలా చూస్తాను: ముందు గుడ్డతో తుడుస్తాను, అంచు చుట్టూ గోరు పెట్టి నడుపుతాను, గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ టార్చ్ వేసి చూస్తాను. మధ్య రంధ్రం గుండ్రంగా ఉందా, తాళంచెవి రంధ్రంలా సాగిందా చూస్తాను. తర్వాత రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి అంచున చుట్టూ మెల్లగా తడుతూ వింటాను, ఎక్కడైనా జరజరమంటే పగులు ఉన్నట్టే. అంచున చిన్న చిన్న గాట్లు ఫర్వాలేదు. లేత్ గీతల వెంబడి గుండ్రంగా తిరిగే పగులు మాత్రం ఆగదు, ఎంత చవకైనా వద్దు.

వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల లోహం గుణమే మారిపోతుంది, శబ్దం చచ్చిపోతుంది, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. అంచు పగులు చిన్నదైతే ఆ ముక్క కోసేసి అంచుని నున్నగా అరగదీయడం, లేదా పగులు చివర చిన్న రంధ్రం వేయడం కొంతకాలం పనిచేస్తుంది.

చిన్న చిన్నవి రెండు. అన్నీ ఒకే కంపెనీవి ఉండాలని నియమమేమీ లేదు, చెవికి కలిస్తే చాలు. రెండోది, ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి. పైనున్న పూత, అచ్చు వేసిన పేరు రెండూ పోతాయి. వాయించాక పొడిగుడ్డతో చెమట తుడవండి, అప్పుడప్పుడు కాస్త సబ్బునీళ్లు, వెంటనే ఆరబెట్టడం. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ తుడవడం మానకూడదు.

అపోహ: "ఫుల్ ప్యాక్ కొంటేనే లాభం."

14 అంగుళాల హై-హ్యాట్, 16 క్రాష్, 20 రైడ్, పైన ఒక క్రాష్ ఉచితం అంటే ఆశ పుడుతుంది, అర్థం చేసుకోగలను. కంచు ప్యాక్ అయితే, డబ్బు చేతిలో ఉంటే తీసుకోండి. ఇత్తడి ప్యాక్ తప్ప కుదరని బడ్జెట్ అయితే మాత్రం ప్యాక్ వదిలేసి ఆ డబ్బుతో ఒక్క మంచి హై-హ్యాట్ జత కొనండి. షాపులో మీ స్టిక్స్‌తోనే, ఇంట్లో వాయించేంత గట్టిగానే వాయించి చూడండి. తర్వాత ఇంకొకర్ని వాయించమని మీరు పది అడుగుల దూరంలో నిలబడి వినండి, దగ్గర వినపడేది వేరు, అక్కడ వినపడేది వేరు. పెడల్ తొక్కితే 'చిక్' అని తెగినట్టు రావాలి. రాకపోతే వెంటనే పక్కన పెట్టేయకండి, రెండు అంచులూ మరీ సమంగా కలిసినప్పుడు మధ్యలో గాలి చిక్కుకుంటుంది. స్టాండ్‌లో కింది సింబల్‌ని కొద్దిగా వాల్చే స్క్రూ ఉంటుంది, అది తిప్పి మళ్లీ తొక్కండి.

తర్వాత 18 అంగుళాల పలుచటి క్రాష్ ఒకటి. దాని మీదే స్టిక్ కొనతో మెల్లగా రైడ్ కూడా వాయించుకోవచ్చు. తెనాలి దగ్గర్నుంచి వచ్చే ఒక కుర్రాడు సరిగ్గా ఇలాగే చేశాడు, వాడిన బి8 హై-హ్యాట్ జత, ఒక 18 క్రాష్. పోయిన క్రిస్మస్ ఆరాధనంతా ఆ రెండింటితోనే వాయించాడు, వాళ్ల నాన్నగారు ఈసారి ఫోన్ చేసింది రైడ్ ఎంతలో వస్తుందో అడగడానికి. 20 అంగుళాలది, రెండు కిలోలు దాటినది, బెల్ (మధ్యలో ఉబ్బెత్తు భాగం) కొడితే గంటలా విడిగా పలికేది కావాలి. ఇంకా వెతుకుతున్నాం.